మొక్క నిటారుగానే వచ్చింది

లాగ్‌బుక్ అనేది ఇప్పటి ఎంబీబీఎస్ పిల్లలకి రేషన్ కార్డు లాంటిది. అది నిండకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అందులో ఒక్కో పనికి ఎదురుగా మేము, అంటే పాఠాలు చెప్పేవాళ్ళం, ఒక అక్షరం వెయ్యాలి. బి అంటే ఆశించినంత లేదు. ఎం అంటే సరిపోయింది. ఇ అంటే ఆశించినదానికన్నా మిన్న. పక్క గడిలో ఇంకో అక్షరం ఉంటుంది: సి అంటే పని పూర్తయింది, ఆర్ అంటే మళ్ళీ చెయ్యాలి, ఆర్‌ఇ అంటే దగ్గర కూర్చోబెట్టి సరిదిద్దాలి.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మా ఫైనలియర్ కుర్రాడొకడు రోగి సమ్మతి మీద రాసిన రిఫ్లెక్షన్‌కి (చూసినదాని గురించి ఆలోచించి రాసే పేజీ అది) నేను ఇ వేశాను. బాగా రాశాడు మరి. రోగి ఒళ్ళు రోగిదేనని, ఏం చెయ్యబోతున్నారో తెలుసుకునే హక్కు ఉందని, అర్థమయ్యే భాషలో చెప్పకుండా పెట్టించుకున్న సంతకానికి విలువ లేదని. ఎక్కడా కాపీ వాసన రాలేదు. ఈ కాలంలో అదే పెద్ద విషయం. ఓసారి ఇలాగే రిఫ్లెక్షన్ రాయమంటే ముప్ఫైమంది పిల్లలు ఒకే తాతయ్య చావుని తమ జీవితంలో మరిచిపోలేని ఘట్టంగా రాసి ఇచ్చారు. ఆ తాతయ్య ఎవరి తాతయ్యో ఇప్పటికీ తేలలేదు.

అదే కుర్రాడు అదే రోజు పొద్దున పదకొండున్నరకి, గూడూరు అవతల పల్లె నుంచి వచ్చిన ఓ అవ్వ చేత, ఆమె చదవలేని కాయితం మీద, ఏం చెప్పకుండా వేలిముద్ర వేయించాడు. నేను రెండు మంచాల అవతల ఉన్నాను.

పొద్దున వేలిముద్ర వేయించిన చెయ్యే సాయంత్రం ఆ రిఫ్లెక్షన్ రాసిందన్న సంగతి, ఇ వేసేటప్పుడు నాకు తట్టనే లేదు. ఈ వ్యాసమంతా ఆ తట్టకపోవడం గురించే.

నేను చెన్నై ఊరి బయట ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ చెప్తాను. మా వార్డుల్లో తెలుగు వినపడని రోజు ఉండదు. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు మనుషులకి ఈ ఊరు ఇప్పటికీ మద్రాసే. అక్కడి డాక్టరు "ఇంక మద్రాసుకి తీసుకుపోండి" అన్నాడంటే పినాకినిలోనో సూళ్ళూరుపేట లోకల్‌లోనో వచ్చి సెంట్రల్లో దిగుతారు. ఎదురుగానే జీహెచ్, అంటే సర్కారు పెద్దాసుపత్రి, కనపడుతుంది. అక్కడి జనాన్ని చూసి జడిసి కొందరు ఊరి బయట కాలేజీ ఆసుపత్రులకి వస్తారు. మాలాంటి చోట్ల మంచం ఉచితం. పల్లెల్లో క్యాంపులు పెట్టి, వ్యాన్లు పంపి మరీ పిలుచుకొస్తాం. ఎందుకంటే మంచాలు నిండకపోతే సీట్లు దక్కవు.

అవ్వకి రక్తం ఎంత ఎక్కించినా నిలవడం లేదు. స్ప్లీన్ (ప్లీహం) బొడ్డు దాకా పెరిగింది. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చెయ్యాలి. ఆ పని చెయ్యాల్సిన పీజీ (ఎంబీబీఎస్ అయ్యాక పైచదువు చదివే డాక్టరు) తమిళమ్మాయి, అప్పటికి ముప్ఫై గంటలుగా డ్యూటీలో ఉంది. కుర్రాణ్ణి పిలిచి "నీకు తెలుగు వచ్చుగా, పోయి సంతకం పట్టుకురా" అంది. కాయితానికి ఒక పక్క ఇంగ్లీషు, రెండో పక్క తమిళం.

"అవ్వా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఏంది నాయనా ఇది?"

"ఏం లేదవ్వా, ఊరికే. టెస్టుకి."

నాది నెల్లూరు జిల్లానే. వెళ్ళి రెండు మాటలు చెప్పి ఉండొచ్చు. ఓపీలో జనం కాచుకుని ఉన్నారు, మా యూనిట్ చీఫ్ వెనకాలే వస్తున్నారు, పైగా పని జరిగిపోతోంది. వెళ్ళలేదు.

మర్నాడు రౌండ్స్‌లో ఆమె నా చెయ్యి పట్టుకుంది. రాత్రంతా నిద్ర లేదట. సూదికి భయపడిందేమో అనుకున్నాను. "సూదులకేముందమ్మా, పొడిచినన్ని పొడిచినారు. ఆ ఏలిముద్ర దేనికని? మా మరిది ఇట్టానే, ఏం లేదొదినా ఊరికేనని ఏయించుకున్నాడు. మూడెకరాలు పొయ్యింది." కాసేపాగి, "నువ్వూ మనోళ్ళే గదమ్మా, ఆడనే ఉంటివి గదా" అంది.

(ఊరు, వయసు, జబ్బు వివరాలు కాస్త మార్చాను. మరిది సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.)

ఆ వారంలో నేను ఫ్రెడరిక్ హఫర్టీని మళ్ళీ తీసి చదివాను. ఆయన డాక్టరు కాదు, అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. మిన్నెసోటా విశ్వవిద్యాలయం డులూత్ శాఖలోనూ, తర్వాత మేయో క్లినిక్‌లోనూ పనిచేశాడు. మెడికల్ కాలేజీలో చేరిన పిల్లలు డాక్టర్లుగా ఎలా మారతారో దగ్గరుండి చూడటం ఆయన పని. మొదట అనాటమీ హాలు పట్టుకున్నాడు. కొత్తవాళ్ళకి సీనియర్లు చెప్పే శవాల కథల మీద 1988లో ఒక పరిశోధన రాశాడు. అలాంటి కథలు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి, మా బ్యాచ్‌లోనూ ఉండేవి. ఫలానా ఏడాది ఫలానావాడు శవం చెయ్యి తీసుకెళ్ళి బస్సులో ఏదో చేశాడట అనే రకం. అవి నిజంగా జరిగాయా లేదా అన్నది కాదు హఫర్టీకి ముఖ్యం. ఆ కథ విన్నవాడు ఏం నేర్చుకుంటాడు? నవ్వినవాడు డాక్టరవుతాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు ఇక్కడికి తగడు. ఏ ప్రొఫెసరూ బోర్డు మీద రాయని పాఠం ఇది. అందరికీ వచ్చేస్తుంది.

1994లో రొనాల్డ్ ఫ్రాంక్స్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం నేరుగా ఎథిక్స్ (వైద్య నీతి) బోధన మీదే. అప్పటికి అమెరికా కాలేజీలన్నీ ఎథిక్స్ కోర్సులు పెట్టేస్తున్నాయి. వీళ్ళిద్దరూ వాటిమీద చన్నీళ్ళు పోశారు. విలువలకి సంబంధించి పిల్లలు నేర్చుకునేది కోర్సులో కాదు, కాలేజీ బతికే తీరులో అన్నారు. బడుల గురించి ఫిలిప్ జాక్సన్ 1968లో వాడిన ‘హిడెన్ కరిక్యులం’ అనే మాటని వైద్య విద్యలోకి తెచ్చారు. నేను దాన్ని తెలుగులో చాటు పాఠం అనుకుంటాను. మళ్ళీ 1998లో హఫర్టీ ఒక్కడే రాసిన వ్యాసంలో ఈ చాటు పాఠాన్ని ఎక్కడ వెతకాలో కూడా చెప్పాడు: సంస్థ పెట్టుకునే నియమాల్లో, పరీక్షలు పెట్టే తీరులో, డబ్బూ మనుషుల్నీ దేనికి కేటాయిస్తారో అందులో, అక్కడివాళ్ళు తమలో తాము మాట్లాడుకునే భాషలో.

భాష నుంచే మొదలుపెడతాను, నాకు అది తేలిక. "పద్నాలుగో బెడ్ స్ప్లీన్ చూశావా?" అని పిల్లలు అడుగుతారు. అవ్వ పేరు ఎవరికీ తెలియదు. పెద్ద ఆసుపత్రి ఉన్న కాలేజీని "అక్కడ మంచి మెటీరియల్ ఉంటుంది" అని మెచ్చుకుంటాం. మెటీరియల్ అంటే మనుషులు. చెన్నైలో ఇంకో మాట ఉంది: రోగి వెంట వచ్చినవాళ్ళని ‘అటెండర్’ అంటారు. మనకి అటెండరంటే ఆఫీసులో ఫైళ్ళు మోసే ఉద్యోగి. కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత చూస్తే అవ్వ కొడుకు రోజంతా చేస్తున్నది అదే. బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం సంచి మొయ్యడం, ల్యాబు నుంచి రిపోర్టు మొయ్యడం, నర్సు అరిస్తే పక్కకి జరగడం. మాట సరిగ్గానే పడింది.

ఇక నియమాలు. ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీ సంగతి చెప్తాను, పేరు వద్దు. ఇన్‌స్పెక్షన్ వారం వచ్చిందంటే అక్కడ పెళ్ళి సందడి. ఎప్పుడూ చూడని ప్రొఫెసర్లు పక్క రాష్ట్రం నుంచి సూట్‌కేసులతో దిగేవారు. వ్యాన్లలో ఊళ్ళ నుంచి జనం వచ్చి మంచాలెక్కేవారు. వాళ్ళ చేతుల్లో ఖాళీ సెలైన్ గొట్టాలు, టేపుతో అంటించి. మధ్యాహ్నం బిర్యానీ పొట్లం, సాయంత్రం చేతిలో డబ్బులు. పిల్లల్ని పిలిచి "అడిగితే రోజూ ఇంతమందే ఉంటారని చెప్పండి" అన్నారు. అంతకు రెండు వారాల ముందే నేను అదే పిల్లలకి, రోగికి నిజం చెప్పడం గురించి గంట సేపు క్లాసు తీసుకున్నాను. ఒకమ్మాయి ఆ రోజు నా వైపు చూసింది. నేను ఫైలు చూసుకున్నాను. ఇలాంటి దొంగ హాజర్లకి విరుగుడుగా తర్వాత దేశమంతా అధ్యాపకులకి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి, దాని మీదా నమ్మకం చాలక ఈమధ్య ముఖం చూపించే యాప్ వచ్చింది. డాక్టర్ల వేలిముద్రకి ఉన్న విలువ ఇదీ.

పరీక్షల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. పీజీ సీటుకి నీట్ రాయాలి, 200 ప్రశ్నలు, నాలుగు ఆప్షన్లు. ఏ ఆప్షన్‌లోనూ అవ్వ మరిది ఉండడు. డబ్బు సంగతి ఒక్క ముక్కలో: సిమ్యులేషన్ ల్యాబుకి బొమ్మలు కొంటాం, తెలుగు తెలిసిన ఒక కౌన్సెలర్‌ని పెట్టుకోం.

ఈ చాటు పాఠం అమెరికా సరుకు అనుకునేవాళ్ళకి ఈ ఊళ్ళోనే, మనవాడి కథే ఒకటుంది. 1835లో మొదలైన మద్రాసు మెడికల్ కాలేజీలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు చదువుకున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. గాంధీ పిలుపు విని ఖద్దరు గౌనుతో సర్జరీకి వెళ్ళాడు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది కిట్టలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా. ఆ పట్టాతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకుని, చివరికి అమెరికా వెళ్ళిపోయాడు. మా వార్డులో కీళ్ళవాతం వాళ్ళకి వారం వారం రాసే మెథోట్రెక్సేట్, దాంతోపాటు రాసే ఫోలిక్ ఆసిడ్, రెండూ ఆయన నడిపిన ప్రయోగశాల చలవే. ఈ కథని మనం ఎప్పుడూ సుబ్బారావు వైపు నుంచే చెప్పుకుంటాం, మన పిల్లలకి గర్వంగా. నాకు మాత్రం ఆయన క్లాసులో మిగతావాళ్ళు గుర్తొస్తారు. మామూలు గౌను వేసుకుని ఎంబీబీఎస్ పట్టుకుని వెళ్ళినవాళ్ళు. సర్జరీ కాకుండా వాళ్ళు ఆ గదిలో ఇంకేం నేర్చుకుని ఉంటారు?

ఎథిక్స్ గురించి మా స్టాఫ్‌రూములో మాటొస్తే ఒక సామెత తప్పకుండా పడుతుంది: మొక్కై వంగనిది మానై వంగునా. ఇవన్నీ ఇంట్లో అమ్మానాన్నలు నేర్పాల్సినవి, ఇరవై ఏళ్ళొచ్చాక మనం నేర్పితే వస్తాయా, ఇప్పటి పిల్లలే అంత, నీట్ కోచింగుల్లో నలిగి వచ్చారు, వాళ్ళకి మనిషి కనపడడు. ఆ సామెతని తెలుగులో వినేది నేనొక్కదాన్నే, తమిళంలోనూ దీనికి జోడు మాటలు చాలానే ఉన్నాయి.

ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో మొహమ్మద్‌రెజా హోజత్ బృందం 456 మంది విద్యార్థుల్ని చేరిన రోజు నుంచి వెంట ఉండి చూసింది. ఎదుటి మనిషి బాధని అర్థం చేసుకునే గుణాన్ని కొలవడానికి వాళ్ళదో ప్రశ్నావళి ఉంది. 2009లో ఫలితాలు వచ్చాయి. మొదటి రెండేళ్ళూ, అంటే పుస్తకాలూ ల్యాబులూ ఉన్నన్నాళ్ళూ, మార్కులు తగ్గలేదు. మూడో ఏడాది చివరికి పడిపోయాయి, పట్టా పుచ్చుకునేదాకా మళ్ళీ లేవలేదు. అక్కడ మూడో ఏడాది అంటే వార్డులోకి అడుగుపెట్టే ఏడాది. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. రోగులు లేనంతకాలం రోగుల మీద దయ ఉంది.

ఈ లెక్కని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఎవరికి వాళ్ళు తమ గురించి చెప్పుకున్న జవాబుల్ని నమ్మి, చిన్న తేడాని పెద్దది చేశారని మరుసటి ఏడాదే జెర్రీ కాలివర్ వగైరా రాశారు. సరే, తగ్గినది చిన్న ముక్కే అనుకుందాం. 1994లోనే, హఫర్టీ వ్యాసం వచ్చిన పత్రికలోనే, క్రిస్ ఫ్యూడ్నర్, ఇద్దరు క్రిస్టాకిస్ సోదరులు కలిసి పెన్సిల్వేనియాలోని ఆరు మెడికల్ కాలేజీల పిల్లల్ని అడిగిన ప్రశ్నలున్నాయి. జవాబిచ్చినవాళ్ళు 665 మంది. తప్పని తమకే అనిపించిన పని చేశామన్నవాళ్ళు 58 శాతం. రోగుల గురించి డాక్టర్లు చులకనగా మాట్లాడటం విన్నామన్నవాళ్ళు 98 శాతం. తమ విలువల్లో కొన్నయినా అరిగిపోయాయో, పోయాయో అన్నవాళ్ళు 62 శాతం. ఇక్కడ దయ తగ్గిందా లేదా అని మనం కొలవడం లేదు, వాళ్ళంతట వాళ్ళే చెప్తున్నారు. పైగా వాళ్ళకి తప్పు తప్పుగానే కనపడింది. చేశారు. ఎందుకంటే పక్కన పెద్దవాళ్ళున్నారు.

2003లో అదే ఫిలడెల్ఫియా ప్రాంతంలో పీటర్ యూబెల్ బృందం ఐదు కాలేజీల్లో చూసినది ఇంకా సూటిగా ఉంటుంది. మత్తులో ఉన్న స్త్రీకి నేర్చుకోవడం కోసం లోపలి పరీక్ష చేసే ముందు ఆమెని అడగడం ఎంత ముఖ్యం అని ప్రశ్న. గైనిక్ పోస్టింగు ఇంకా చెయ్యనివాళ్ళకన్నా, చేసి వచ్చినవాళ్ళు తక్కువ ముఖ్యమన్నారు. కొన్ని వారాల పోస్టింగు చాలింది.

కాబట్టి సామెత తిరగబడింది. మొక్క నిటారుగానే వస్తోంది. మానులమే దాని మీద వాలి వంచుతున్నాం.

మన దేశంలో దీనికి ఏం చెయ్యలేదని కాదు. 2019లో చేరిన బ్యాచ్ నుంచి కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులో ఎట్‌కామ్ అని, వైఖరి, నైతికత, మాటతీరు కలిపి 27 మాడ్యూళ్ళున్నాయి. రాసినవాళ్ళు బుర్ర పెట్టి రాశారు. డాక్టరంటే ఎవరు అని మొదటిది, రోగిగా ఉండటమంటే ఏమిటి అని రెండోది. శవమే మన మొదటి గురువు అని ఒకటి, జబ్బుపడ్డవాడి ఇంట్లోవాళ్ళ బతుకు గురించి ఒకటి. మొదటి సంవత్సరం పిల్లలు రోగుల దగ్గర కూర్చుని మాట్లాడి వచ్చాక క్లాసులో చెప్పే కబుర్లు వినాలి. ఒకడు, పళ్ళు అమ్ముకునే ముసలాయనకి తిండి కన్నా ఇంటి అద్దె ఎక్కువ బెంగగా ఉందని గంట మాట్లాడాడు. బెంగళూరు సెయింట్ జాన్స్ లాంటి చోట అయితే ఇలాంటి బోధన సిలబస్ అడగక్కర్లేకుండా దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడి అధ్యాపకులు తమ అనుభవాన్ని 1997లోనే పత్రికకెక్కించారు.

నా ఫిర్యాదు ఒక్కటే: 27 మాడ్యూళ్ళూ పిల్లలకే. చీఫ్‌కి ఒక్కటీ లేదు. నాకూ లేదు. మాకున్నదల్లా ఆ మాడ్యూళ్ళని ఎలా చెప్పాలో నేర్పే శిక్షణ. మేం వాటికి నిలబడతామా అని అడిగే గడి ఎక్కడా లేదు. పై నుంచి చూస్తే ఎంత వింతో చూడండి. వంద కాగితాలు చెప్పే పరిశోధనంతా పెద్దవాళ్ళ వైపు వేలు చూపిస్తుంటే, మందు మాత్రం పిల్లల నోట్లో పోస్తున్నాం.

2022 ఏప్రిల్ చివర్లో మధురైలో మొదలైన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ కాలేజీలో కొత్త పిల్లలు హిప్పోక్రటీస్ ప్రమాణం బదులు చరక శపథం చదివారు. డీన్‌ని తప్పించారు, మళ్ళీ కొన్నాళ్ళకే వేశారు. గ్రీకువాడి మాటా చరకుడి మాటా అని టీవీల్లో రోజుల తరబడి వాదించుకున్నారు. ఏ ప్రమాణం చేసినా సరే, మర్నాడు పొద్దున ఆ పిల్లవాడు వెళ్ళేది మా వెనకాలే కదా అని ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదనలు రెండు. ఇదంతా తెల్లవాళ్ళ గోల, మన దగ్గర నిర్ణయం ఇంటిదీ, కొడుకుదీ, అవ్వకి ఇవన్నీ చెప్పి హైరానా పెట్టడం ఎందుకు అని ఒకటి. ఇందులో కొంత నిజముంది. అవ్వ కూడా "మా వాడు ఎట్టంటే అట్టా" అనే మనిషే. కానీ "ఏంది నాయనా ఇది?" అని అడిగింది ఆవిడే, కొడుకు కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ ముడినే విప్పింది. పరీక్ష కోసమని మత్తిచ్చిన స్త్రీకి, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. తెలివిగల పెద్ద మనిషి కాసేపు మత్తులో ఉంటే ఆమె బదులు తల్లి ఒప్పుకోవడం చెల్లదంది కోర్టు. అమెరికా పద్ధతి యథాతథంగా మనకి కుదరదని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి విదేశీ గోల అనడానికి వీల్లేదు.

వేలిముద్రల విషయంలో మన ఇంటి కథ ఒకటి. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, జరిగిన మరణాలకి టీకాతో సంబంధం లేదనే విచారణ కమిటీ అభిప్రాయపడింది. నేను చూస్తున్నది కాయితాలు. విచారణలో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్లో హెడ్మాస్టర్లో పెట్టిన సంతకాలు. ఆ పత్రాలు పట్టుకుని తిరిగినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళయి ఉండరు. "పోయి సంతకం పట్టుకురా" అని వాళ్ళకీ ఎవరో చెప్పి ఉంటారు.

రెండో వాదన టైము. దీనికి నేను సగం లొంగిపోతాను. ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని పీజీ డాక్టర్ల కోసం 1992లో కేంద్రం పెట్టిన రెసిడెన్సీ నిబంధన చెప్తోంది. దాన్ని చదివి వినిపిస్తే మా పీజీలు జోకనుకుంటారు. ముప్ఫై గంటలు నిలబడ్డ పిల్లని ఓపిగ్గా విడమరిచి చెప్పమని అడిగే మొహం నాకు లేదు. కానీ ఆ ముప్ఫై గంటల డ్యూటీ చార్టు వేసింది కూడా మేమే. అదీ చాటు పాఠంలో భాగమే.

మిగతా సగం మీద మాత్రం నాకు అనుమానం. అవ్వ చెయ్యి పట్టుకున్న పొద్దున నేనూ ఆ కుర్రాడూ స్టూల్స్ లాక్కుని కూర్చున్నాం. కొడుకుని కూడా పిలిచాం. ఎముకలోంచి ఎందుకు తియ్యాలి, ఎక్కడ పొడుస్తాం, తీస్తే ఏం తెలుస్తుంది, తియ్యకపోతే ఏమవుతుంది. ఆమె అడిగింది ఒక్కటే, "నొప్పి ఉంటాదా?" "ఉంటాదవ్వా, మందు వేసినా కొంచెం ఉంటాది." "సరే." తర్వాత కుర్రాడి చేత కాయితం వరసా వరసా తెలుగులో చెప్పించుకుంది. అంతా అయ్యాక "పొలం మాట ఏడా లేదు గదా?" అంది. వాడు లేదన్నాడు. నేను గడియారం చూశాను. ఏడు నిమిషాలు పట్టింది. అదే రౌండ్స్‌లో చీఫ్‌కి ఫోనొచ్చి మేమంతా పదకొండు నిమిషాలు కారిడార్లో నిలబడ్డాం.

తర్వాత డిపార్ట్‌మెంట్ మీటింగులో ఒక మాట పెట్టాను. నెలకొకసారి ఎట్‌కామ్ క్లాసు మనం కూర్చుందాం, పిల్లలు నడిపిస్తారు. ఆ నెలలో వార్డులో వాళ్ళు చూసినవి పేర్లు లేకుండా చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు, ఒక్కోటి తీసి మనం జవాబు చెప్పాలి. నర్సమ్మలూ, రోగుల వెంట వచ్చినవాళ్ళూ కూడా వెయ్యొచ్చు. కొంతసేపు ఏసీ చప్పుడే వినపడింది. ఒకాయన నవ్వి, మనల్ని మనమే ఉరితీసుకుందామా డాక్టర్ అన్నారు. ఇంకొకావిడ, ఎన్‌ఎంసీ (వైద్య విద్యని నియంత్రించే జాతీయ కమిషన్) అడగనిది మనకెందుకు అన్నారు. అందరికన్నా పెద్ద సారు, ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవారు, "డబ్బా పెడితే మొదటి చీటీ నా మీదే ఉంటుంది" అని తమిళంలో మెల్లిగా అన్నారు. వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. మినిట్స్‌లో ‘చర్చించబడినది’ అని రాసుకున్నారు. డబ్బా ఇంకా రాలేదు.

ఈలోగా నేనొక పని చేశాను. ఖాళీ లాగ్‌బుక్ పేజీ ఒకటి తీసుకుని, అవ్వ వేలిముద్ర సంగతి నా వైపు నుంచి రిఫ్లెక్షన్‌గా రాశాను. ఏం జరిగింది, నేనేం చేశాను, ఎందుకు వెళ్ళలేదు, ఓపీలో జనం, చీఫ్, సాయంత్రం వేసిన ఇ, అన్నీ. పేజీన్నర వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఆ కుర్రాడికి ఇచ్చి, అక్షరాలు వెయ్యమన్నాను.

"మేడమ్, నేనెలా వేస్తాను?"

"నేను నీకు వెయ్యలేదా?"

రూముకి తీసుకెళ్ళాడు. మూడు రోజులు కనపడలేదు, కనపడినా లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కాడు. నాలుగో రోజు నా గది తలుపు కింద నుంచి ఆ పేజీ లోపలికి తోసి ఉంది. మొదటి గడి ఖాళీగా వదిలేశాడు. రెండో గడిలో ఆర్ అని రాశాడు, పెన్సిల్‌తో.